గేటు దాటని సంక్షేమం

బిహార్‌లోనో రాజస్థాన్‌లోనో ఒక పల్లెలో ఉండే ఈఎంఈ జవాను భార్యకు, భర్త సర్వీసు రికార్డుల్లో తన పేరే లేదని ఒకరోజు తెలుస్తుంది. ఆ చిక్కు చివరికి తేలాల్సింది సికింద్రాబాద్‌లో. సైన్యంలో వాహనాలు, ఆయుధాల మరమ్మతులు చూసే ఈఎంఈకీ, సామగ్రి నిల్వలూ సరఫరాలూ చూసే ఏఓసీకీ రికార్డు కార్యాలయాలు ఇక్కడే ఉన్నాయి. ఆ విభాగాల జవాను సియాచిన్‌లో ఉన్నా జైసల్మేర్‌లో ఉన్నా, అతని పెళ్లి, పిల్లల పుట్టుక, నామినీ, పింఛను లెక్క అన్నీ ఈ ఊరి ఫైళ్లకే చేరతాయి. 1806లో వెలిసిన ఈ దండు ప్రాంతం హైదరాబాద్ వాళ్లకు తెలిసింది మాత్రం వేరేలా. రాత్రి పదింటికి మూసేసే ఏఓసీ రోడ్లు, తిరుమలగిరి దగ్గర సెంట్రీ పోస్టు, జీహెచ్ఎంసీలో విలీనం అవుతుందా కాదా అన్న ఎడతెగని చర్చ. ఆ చర్చలో కనిపించని వాళ్లు కంటోన్మెంట్ లోపలి క్వార్టర్లలోనూ, బయట అల్వాల్, యాప్రాల్, నేరేడ్‌మెట్, కౌకూరు గల్లీల అద్దె ఇళ్లలోనూ కాపురాలు చేసే జవాన్ల కుటుంబాలు.

సైనిక కుటుంబాలను ఆదుకునే ఏర్పాట్లు మన దేశంలో తక్కువేం లేవు. ఆసుపత్రి ఉంది, బడి ఉంది, క్యాంటీన్ ఉంది, బీమా ఉంది, సంక్షేమ సంఘమూ ఉంది. అయితే అవన్నీ భర్త యూనిట్ గుండానే ఇల్లాలికి చేరాలి. ఆ యూనిట్‌ను నడిపే అధికారి మంచితనాన్ని బట్టి, ఆయన భార్య ఓపికను బట్టి సాయం పలచబడుతుంది, చిక్కబడుతుంది. కుటుంబం కంటోన్మెంట్ గేటు దాటి సొంతూరికి వెళ్లిందంటే ఆ దారం దాదాపుగా తెగినట్టే. సైనికుడి భార్యకు సాయాన్ని ఆమె పేరు మీద, ఆమె ఉన్న చోట, హక్కుగా అందించే వ్యవస్థ ఇప్పటికైనా రావాలి.

లోపల ఉన్నవి

ముందు న్యాయంగా చెప్పుకోవాల్సింది చెప్పుకుందాం. ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్, అందరూ పిలిచే పేరు ఆవా, 1966 ఆగస్టు 23న నమోదైంది. ఏడాది ముందే పాకిస్థాన్‌తో, దానికి మూడేళ్ల ముందు చైనాతో యుద్ధాలు జరిగాయి. భర్తలను కోల్పోయిన యువతుల చేతికి కుట్టుపనో మరో వృత్తో అందించడం అప్పటి అవసరం. ఆ తర్వాత ఆవా చేతుల మీదుగానే వితంతువులకు వసతి గృహాలు వచ్చాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఆశా పాఠశాలలు వచ్చాయి. బయట ఊళ్లలో ఆటిజం ఉన్న బిడ్డను చేర్చుకునే బడి కోసం తల్లిదండ్రులు కాళ్లరిగేలా తిరుగుతున్న దేశంలో ఇది చిన్న విషయం కాదు.

1976లో ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వచ్చింది. 1983లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ నేడు దేశమంతటా ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు నడుపుతోంది. బదిలీలతో ఊళ్లు మారే పిల్లలకు ఒకే సిలబస్ దొరకడం దీనివల్లే. పదవీ విరమణ చేసిన వారికీ వారి మీద ఆధారపడిన వారికీ 2003 ఏప్రిల్ నుంచి ఈసీహెచ్ఎస్ వైద్యం ఉంది. ఇళ్ల కొరత తీర్చడానికి 2002లో మొదలెట్టిన వివాహితుల వసతి పథకం రెండు లక్షల క్వార్టర్లను లక్ష్యంగా పెట్టుకుంది. భర్త ఫీల్డు పోస్టింగ్‌లో ఉన్నప్పుడు భార్యాబిడ్డలు శాంతి ప్రాంతపు స్టేషన్‌లో ఉండేందుకు సెపరేటెడ్ ఫ్యామిలీ వసతి, సైనికుల మాటలో ఎస్ఎఫ్ఏ, ఉంది.

వీటన్నిటి వెనకా ఒక పాత భావన ఉంది. కమాండింగ్ ఆఫీసరే యూనిట్‌కు తల్లీ తండ్రీ. జవాను ఊళ్లో పొలం గట్టు తగాదా వచ్చినా, చెల్లెలి పెళ్లికి డబ్బు చాలకపోయినా అతను చెప్పుకునేది సీవోకే. సీవో జిల్లా కలెక్టర్‌కో ఎస్పీకో లేఖ రాస్తాడు. ఆ లేఖకు ఇప్పటికీ బరువుంది. కొండల్లో కాపలా కాసేవాడు వాయిదాకు రాలేడు కాబట్టి ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేసే సైనికుడి మీద కేసు విచారణను వాయిదా వేయమనే చట్టం 1925 నుంచే ఉంది. మనసున్న సీవో దొరికితే ఏ ప్రభుత్వ దఫ్తరూ కదలనంత వేగంగా పని కదులుతుంది. ఈ పద్ధతి ఇన్నాళ్లు నిలబడటానికి కారణమూ అదే.

కాగితం మీద ఇల్లాలు

చిక్కంతా ఆ సీవో దాకా చేరే దారిలో ఉంది. సైన్యంలో భార్య భార్యగా గుర్తింపు పొందేది మూడు ముళ్లతో కాదు, పార్ట్ టూ ఆర్డర్‌తో. జవాను సెలవు నుంచి తిరిగొచ్చి పెళ్లి ధ్రువపత్రం, జంట ఫొటో, ఆధార్ నకళ్లు యూనిట్ క్లర్కు బల్ల మీద పెట్టాలి. క్లర్కు ఆర్డర్ ప్రచురించాలి. అది రికార్డు కార్యాలయం చేరి నమోదవ్వాలి. బిడ్డ పుడితే మళ్లీ అదే తంతు. ఆధార్‌లో వెంకట లక్ష్మి, పెళ్లి పత్రంలో వెంకటలక్ష్మి, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరుతో వి.లక్ష్మి అని ఉంటే ఆ కాగితాలు వెనక్కి వస్తాయి. ఇంటిపేరు ముందు రాసే తెలుగు వాళ్ల అలవాటు, ఇంటిపేరు చివర రాసే ఉత్తరాది ఫారాలకు ఎప్పుడూ సరిపడదు. కోడలి పేరులో ఏది ఇంటిపేరో, ఏది అసలు పేరో తెలియక గుమాస్తా ఒక గడిలోది మరో గడిలో రాస్తే, దాన్ని దిద్దుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఆ ఆర్డర్ పడేదాకా ఆమెకు డిపెండెంట్ కార్డు రాదు. కార్డు లేకపోతే మిలటరీ హాస్పిటల్‌లో చీటీ రాయించుకోవడమూ కష్టమే. అన్నిటికన్నా ఘోరం, ఈలోగా భర్తకు ఏదైనా జరిగితే పింఛను కాగితాల్లో ఆమె ఎవరో ఆమే రుజువు చేసుకోవాలి. ఇందులో ఎక్కడా దురుద్దేశం లేదు. కానీ ఆమె సొంతంగా ఒక్క కాగితం కదిలించలేదు. ప్రతిదీ భర్త చేతి మీదుగా, భర్త కొలువు చేసే చోటు నుంచే సాగాలి. భర్త కుప్వారాలో ఉంటే, ఫోను కలవకపోతే ఆమె వ్యవహారమూ అక్కడే ఆగుతుంది. అతనికి భార్యతో పొసగక ఆ కాగితాలు పెట్టనే పెట్టకపోతే ఇక చెప్పేదేముంది!

పొసగని కాపురాల సంగతి చూస్తే ఈ వ్యవస్థ బలమూ బలహీనతా రెండూ ఒకేచోట కనిపిస్తాయి. భార్యాబిడ్డలను పట్టించుకోని సైనికుడి జీతంలోంచి భరణం కోసే అధికారాన్ని 1950 నాటి సైనిక చట్టం 90, 91 సెక్షన్లు ఇచ్చాయి. కోర్టుల చుట్టూ తిరగకుండా దరఖాస్తుతోనే జీతంలో మూడో వంతు దాకా ఇప్పించే వీలు ఆ నిబంధనల్లో ఉంది. ప్రైవేటు ఉద్యోగి భార్యకు ఈ సౌకర్యం కలలో కూడా దొరకదు. అయితే ఆ దరఖాస్తు కదలాల్సింది భర్త యూనిట్ ద్వారానే. వివరణ అడిగేది ఆయన అధికారి. సముదాయించడానికి పిలిచేది ఆ అధికారి భార్య. భర్త ప్రమోషన్, సెలవు, తర్వాతి పోస్టింగ్ ఎవరి కలం కింద ఉన్నాయో, తన ఒంటి మీది దెబ్బల గురించి వాళ్ల ముందే నోరు విప్పాలంటే ఏ ఇల్లాలైనా పదిసార్లు ఆలోచిస్తుంది.

ముందు వరుస, వెనక వరుస

నెలకో రెండు నెలలకో యూనిట్లో జరిగే ఫ్యామిలీ వెల్ఫేర్ మీట్‌ను దగ్గర నుంచి చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. ముందు వరుసలో సోఫాలు, అక్కడ అధికారుల భార్యలు. వెనక కుర్చీల్లో జేసీవోల (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) భార్యలు, ఆ వెనక జవాన్ల భార్యలు. శుచీ శుభ్రత మీదో, పొదుపు మీదో, పిల్లల పెంపకం మీదో ఒక ప్రసంగం. ఒక పాట, ఒక నృత్యం. తంబోలా. సమోసా, చాయ్. చివర్లో ‘ఎవరికైనా సమస్యలుంటే చెప్పండి’ అని సీవో గారి భార్య హిందీలో అడుగుతుంది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు. ‘అంతా బాగుంది మేమ్‌సాబ్’ అని వెనక నుంచి ఒక గొంతు. సభ ముగుస్తుంది.

ఆ వెనక వరుసలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు ఉంటుంది. హిందీ అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. ఉంటున్న క్వార్టర్లో గోడ చెమ్మెక్కి బిడ్డకు జలుబు వదలడం లేదని, క్వార్టర్ల మరమ్మతులు చూసే ఎంఈఎస్ వాళ్లకు రెండుసార్లు చెప్పినా రాలేదని ఆమె చెప్పాలనుకుంది. అంతమంది ముందు చెబితే భర్తకు మాట వస్తుందేమోనని ఊరుకుంది. ముందు వరుసలో కూర్చున్నావిడ మంచిదే కావచ్చు. తనకు జీతం లేదు, శిక్షణ లేదు, ఏ పరీక్షా రాయలేదు. సైన్యాధిపతి భార్య ఆవాకు అధ్యక్షురాలైనట్టే, యూనిట్ స్థాయిలో ఆ బాధ్యత పెళ్లితో పాటు ఆమెకు సంక్రమించింది. ఆమెకు బీఏ ఉండొచ్చు, డాక్టరు చదువూ ఉండొచ్చు. తన ఉద్యోగం మానుకుని ఈ పని నెత్తిన వేసుకున్నదీ కావచ్చు. అధికారుల భార్యల నుంచి ఏళ్ల తరబడి జీతంలేని చాకిరీ తీసుకుంటున్నామన్నది ఎవరూ పైకి అనని సంగతి. ఈ ఏర్పాటు వెనక వరుసకే కాదు, ముందు వరుసకూ భారమే.

జవాన్ల భార్యలు కూడా 1966 నాటి వాళ్లు కారు. తెలుగు జిల్లాల నుంచి వెళ్తున్న అమ్మాయిల్లో బీటెక్, బీఎస్సీ నర్సింగ్, బీఈడీ చదివిన వాళ్లు మామూలైపోయారు. వాళ్లకు కుట్టు మిషను, బ్యూటీషియన్ కోర్సు చాలవు. నర్సు రిజిస్ట్రేషన్ ఒక రాష్ట్ర కౌన్సిల్ నుంచి మరో రాష్ట్ర కౌన్సిల్‌కు మార్పించుకునే లోపే భర్తకు తర్వాతి బదిలీ వస్తుంది. తెలంగాణ టెట్ రాసిన టీచరుకు పంజాబ్ సర్కారు బడిలో ఆ అర్హత పనికి రాదు. ఆర్మీ స్కూలులో ఖాళీ ఉంటే సరే, లేకుంటే ఆమె చదువు అటకెక్కినట్టే. సైనికుడి కుటుంబం ఒక్క జీతం మీద బతకాల్సి రావడానికి దేశసేవ కన్నా ఈ కాగితాల గోడలే ఎక్కువ కారణం.

గేటు బయట

ఏ సమయంలో చూసినా సైన్యంలో పెద్ద భాగం ఫీల్డులో ఉంటుంది. వాళ్ల కుటుంబాల్లో ఎస్ఎఫ్ఏ దొరికేది కొందరికే. మిగతా వాళ్లు అత్తగారింటికో పుట్టింటికో చేరతారు. వాళ్లు అప్పుడు ఎక్కడున్నారో చెప్పగల అధికారి సైన్యంలో ఎవరూ ఉండరు.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఊరూరా మిలిటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాల కాలం నుంచి అక్కడ ఇళ్ల నుంచి సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. అలాంటి ఊళ్లో కొత్త కోడలికి పార్ట్ టూ ఆర్డర్ గురించి చెప్పే పెద్దావిడ పక్కింట్లోనే ఉంటుంది. పింఛను తేడా వస్తే ఏ ఫారం నింపాలో చెప్పే రిటైర్డ్ హవల్దార్ అరుగు మీదే దొరుకుతాడు. కంటోన్మెంట్ చేయాల్సిన పని ఊరే చేసిపెడుతుంది. మరి ఊరు మొత్తంలో ఒక్కడే సైన్యానికి వెళ్లిన పల్లెల మాటేమిటి? రాయలసీమ తండాలో, ఆదిలాబాద్ గూడెంలో, పాలమూరు పల్లెలో జవాను భార్యకు సచివాలయ ఉద్యోగి గానీ పంచాయతీ కార్యదర్శి గానీ ఏం చెప్పగలరు?

చెప్పాల్సింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. మాజీ సైనికులతో పాటు సర్వీసులో ఉన్న వారి కుటుంబాలనూ చూడాల్సిన బాధ్యత దానిదే. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం ఖర్చు భరించే ఈ కార్యాలయాలు ఆచరణలో మాజీ సైనికుల గుర్తింపు కార్డులు, గ్రాంట్ల దరఖాస్తులతోనే తలమునకలు. ఆ గ్రాంట్ల విషయంలో ఒక మంచి జరిగింది. పింఛను లేని వృద్ధ మాజీ సైనికులకూ వితంతువులకూ ఇచ్చే నెలసరి సాయాన్ని 4 వేల నుంచి 8 వేల రూపాయలకు, పిల్లల చదువు సాయాన్ని నెలకు వెయ్యి నుంచి 2 వేలకు, పెళ్లి సాయాన్ని 50 వేల నుంచి లక్షకు కేంద్రం 2025 నవంబరు నుంచి పెంచింది. అదే ఏడాది జులై 26న శ్రీనగర్‌లో జాతీయ న్యాయసేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. సైనిక బోర్డుల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెట్టి, ఊళ్లో ఆస్తి తగాదాలకూ కుటుంబ వివాదాలకూ లాయరును ఇప్పించడం దాని ఉద్దేశం. సీవో లేఖ కోసం ఎదురుచూడకుండా కుటుంబమే నేరుగా సాయం అడగగల తొలి మెట్టు అది. గేటు బయట ఏం చేయాలో చూపించే నమూనా కూడా.

చదువుల దగ్గర రాష్ట్రాల పాత్ర ఇంకా సూటిగా ఉంటుంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణ నీడలో స్థానికతకు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న విలువ తెలిసిందే. ఆరో తరగతి జోధ్‌పూర్‌లో, ఎనిమిది పఠాన్‌కోట్‌లో, పది తేజ్‌పూర్‌లో చదివిన సైనికుడి కూతురు ఏ రాష్ట్రానికి స్థానికురాలు? తెలంగాణ 2024లో వైద్య విద్య ప్రవేశాలకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా రాష్ట్రంలోనే చదవాలన్న నిబంధన తెచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని 2025 సెప్టెంబరులో సమర్థించింది. సైనికుల పిల్లలతో పాటు మరికొన్ని వర్గాలకు మినహాయింపు దక్కింది గనుక సరిపోయింది. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో సైనికుల పిల్లలకు 2 శాతం సీట్లున్నాయి. ఇవన్నీ కావాల్సినవే. అయినా ఒక్కో కోర్సుకూ ఒక్కో జీవో, ఒక్కో కోర్టు కేసు అవసరమవుతున్న తీరు చూస్తే, ఊరు మారడం సైనికుడి ఉద్యోగ ధర్మమన్న ఎరుక మన నియమాల్లో ఇంకా ఇంకలేదని అర్థమవుతుంది.

ఇక రాష్ట్రాలు ఖజానా తలుపులు తెరిచేది శవపేటిక వచ్చినప్పుడు. 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన పోరులో అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో స్థలం, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. అదే పోరులో నేలకొరిగిన మిగతా 19 మంది కుటుంబాలకు 10 లక్షల చొప్పున ప్రకటించింది. 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో ప్రాణాలిచ్చిన శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా యువకుడు మురళీ నాయక్ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ 50 లక్షలు, 5 ఎకరాలు, ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. ఏ ఒక్కటీ ఎక్కువని అనడం లేదు. కానీ రేపు మరో జవాను పోతే అతని కుటుంబానికి ఎంత వస్తుందో ముందుగా చెప్పే నియమం ఏది? ఆనాటి ప్రభుత్వం మనసు, ఆనాటి టీవీ కెమెరాల హోరు నిర్ణయించే సాయం ఔదార్యం అవుతుంది గానీ విధానం కాదు. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి. ఆ కొడుకు బతికున్న రోజుల్లో ఆ తండాలోని తల్లిదండ్రుల గుమ్మం ఏ సంక్షేమాధికారి తొక్కాడు?

వాళ్లు దిద్దుకున్న తీరు

అమెరికా సైన్యంలోనూ మొదట సైనికుల భార్యల సేవాభావమే ఆధారం. వియత్నాం యుద్ధం ముదురుతుండగా 1965 జులైలో ఆర్మీ కమ్యూనిటీ సర్వీస్ అనే విభాగాన్ని పెట్టారు. లెఫ్టినెంట్ కర్నల్ ఎమ్మా బేయర్డ్ దానికి రూపమిచ్చారు. వాలంటీర్లు ఉండగానే జీతం తీసుకునే నిపుణులనూ నియమిస్తూ వచ్చారు. నేడు వాళ్ల స్థావరంలో ఈ కార్యాలయానికి వెళితే బదిలీ మీద వచ్చిన కుటుంబానికి, సామాన్లు చేరేదాకా వాడుకోమని గిన్నెలు, మంచాలు అప్పిస్తారు. అప్పుల సలహాదారు ఉంటాడు, భార్యలకు ఉద్యోగం చూపే సిబ్బంది ఉంటారు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఒక విభాగం, గృహహింస బాధితుల కోసం మరొకటి ఉంటాయి.

అంత ఉన్నా 2002 వేసవిలో ఉత్తర కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్ స్థావరపు కుటుంబాల్లో ఆరు వారాల వ్యవధిలో నలుగురు భార్యలు సైనికులైన తమ భర్తల చేతుల్లో హతమయ్యారు. నోరు విప్పితే భర్త కొలువు పోతుందన్న భయం భార్యల నోరు నొక్కుతోందని అప్పుడు గట్టిగా చర్చ జరిగింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో, పై అధికారికి తెలియకుండానే బాధితురాలు వైద్యం, కౌన్సెలింగ్ పొందే వీలు కల్పించారు. ఇళ్ల విషయంలోనూ అంతే. 1996 చట్టంతో స్థావరాల్లోని ఇళ్లను ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. బూజు పట్టిన గోడలు, సీసం కలిసిన రంగులతో పిల్లలు జబ్బు పడుతున్నారని భార్యలే కూడగట్టుకుని 2019లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. అద్దెకుండే కుటుంబాల హక్కులు ఆ ఏడాది చివర చట్టంలోకి ఎక్కాయి. చెమ్మెక్కిన గోడ గురించి వెల్ఫేర్ మీట్‌లో పెదవి కదపలేని ఇల్లాలికీ, చట్టసభ ముందు మాట్లాడిన ఇల్లాలికీ మధ్య తేడా ధైర్యంలో లేదు, వేదికలో ఉంది.

బ్రిటన్ ఆ వేదికను 1982లోనే సమకూర్చుకుంది. సైనికుల భార్యలు పెట్టుకున్న సమాఖ్య నేటి ఆర్మీ ఫ్యామిలీస్ ఫెడరేషన్. అది సైన్యం అధికార శ్రేణిలో భాగం కాదు. కుటుంబాల ఫిర్యాదులను సైన్యానికీ ప్రభుత్వానికీ ముఖాముఖి వినిపిస్తుంది. సైనికుడితో దేశం చేసుకున్న ఒడంబడికకు 2011లో చట్టంలో చోటిచ్చారు. 2021 చట్టంతో ఇల్లు, వైద్యం, చదువుల విషయంలో సైనిక కుటుంబాల ఇబ్బందులను స్థానిక సంస్థలు పరిగణనలోకి తీసుకోవడం విధి అయింది. అంటే గేటు బయటి ఊరికి కూడా బాధ్యత అప్పగించారు. ఈ రెండు దేశాల బడ్జెట్లు మనకు లేవన్నది నిజమే. కానీ ఇందులో డబ్బుతో అయ్యే పని కొంతే, మిగతాది నియమంతో అయ్యేది.

ఏం చేయొచ్చు

సికింద్రాబాద్ వంటి పెద్ద స్టేషన్‌లో కుటుంబ సహాయ కార్యాలయం ఒకటి పెట్టి, జీతమిచ్చే సిబ్బందిని నియమించాలి. మానసిక నిపుణురాలు, న్యాయవాది, కాగితాల పని తెలిసిన ఒక రిటైర్డ్ క్లర్కు, రెండు మూడు భాషలు మాట్లాడే సామాజిక కార్యకర్త ఉంటే చాలు. భర్త కార్డు లేకుండా, గేటు పాస్ అడగకుండా వెళ్లగలిగే చోట అది ఉండాలి. అక్కడ చెప్పుకున్నది ఆమె ఒప్పుకోనిదే, ప్రాణాపాయం ఉన్న సందర్భాల్లో తప్ప, యూనిట్‌కు చేరకూడదు. ఆవా చేసే సేవ ఆగక్కర్లేదు. ఆప్యాయత దాని బలం, దాన్ని అలాగే ఉండనివ్వాలి. ఫిర్యాదుల విచారణ మాత్రం అధికారి భార్య భుజాల మీద నుంచి దింపాలి.

రెండోది, పార్ట్ టూ ఆర్డర్‌ను కుటుంబం వైపు నుంచి కూడా మొదలుపెట్టే వీలు కల్పించాలి. పెళ్లిళ్లు, జననాలు నమోదు చేసే మీసేవ, సచివాలయాల వ్యవస్థ మన రెండు రాష్ట్రాల్లో ఉండనే ఉంది. భర్త సైనిక నంబరుతో ఆ నమోదు సంబంధిత రికార్డు కార్యాలయానికి నేరుగా చేరేలా చేయడం నేటి రోజుల్లో అసాధ్యం కాదు. రెండు పెద్ద రికార్డు కార్యాలయాలున్న సికింద్రాబాద్‌లోనే ఈ ప్రయోగం మొదలుపెట్టొచ్చు.

మూడోది రాష్ట్రాల పని. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో సర్వీసులో ఉన్న వారి కుటుంబాల కోసం ఒక ఉద్యోగిని ప్రత్యేకించి, జిల్లాలోని అలాంటి ఇళ్ల జాబితా తయారుచేయించాలి. అమరుల కుటుంబాలకిచ్చే సాయానికి ముఖ్యమంత్రి మారినా మారని స్థిరమైన నియమావళి ప్రకటించాలి. సైనికుల పిల్లల స్థానికతకు అన్ని కోర్సులకూ వర్తించే ఒకే ఉత్తర్వు ఇవ్వాలి. నర్సు, టీచరు అయిన సైనికుడి భార్యకు ఏ రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉన్నా తాత్కాలిక అనుమతి వెంటనే ఇవ్వాలి. అమెరికా తన సైనికుల జీవిత భాగస్వాముల వృత్తి లైసెన్సులకు రాష్ట్రాల మధ్య చెల్లుబాటును 2023 జనవరిలో చట్టం చేసింది. ఇందుకు మన రాష్ట్రాలు కేంద్రం కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు, ఇక్కడికొచ్చే కుటుంబాలకు తామే ముందుగా తలుపు తీయొచ్చు.

క్రమశిక్షణ చెడుతుందన్న అభ్యంతరం సైన్యం నుంచి తప్పక వస్తుంది. ఇంటి గొడవలు బయటి వాళ్ల చేతికిస్తే సీవో మాటకు విలువేం ఉంటుందని అడుగుతారు. కానీ జవాన్ల ఆత్మహత్యల గురించి పార్లమెంటులో అడిగినప్పుడల్లా ప్రభుత్వం చెప్పే కారణాల్లో కుటుంబ సమస్యలు తప్పకుండా ఉంటున్నాయి. అంటే ఇప్పుడున్న దారిలో ఆ సమస్యలు వేళకు తీరడం లేదనే. ఇంట్లో అగ్గి రాజుకుంటుంటే సరిహద్దులో మనసు నిలవదన్నది ఏ సుబేదార్ మేజర్‌ను అడిగినా చెబుతాడు. కుటుంబానికి వేరే దారి చూపిస్తే సీవో మీద భారం తగ్గుతుందే తప్ప ఆయన గౌరవం తగ్గదు.

దీన్ని ఇంకా వాయిదా వేయడానికి వీల్లేని కారణం ముందే కనిపిస్తోంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద శిక్షణకు చేరిన తొలి బ్యాచ్‌కు నాలుగేళ్ల గడువు 2026 చివర్లో తీరుతుంది. వాళ్లలో కొనసాగేది నాలుగో వంతు వరకే. మిగతా వాళ్లకు పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్ఎస్, క్యాంటీన్ లేవు. అవివాహితులే చేరాలి గనుక వాళ్ల కుటుంబం అంటే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలే. ఆ తల్లిదండ్రులకు వెల్ఫేర్ మీట్ కూడా తెలియదు. ఉన్న సంక్షేమాన్ని గేటు దాటించడం ఇన్నాళ్లూ జవాను భార్య కోసం చేయాల్సిన పని. ఇక మీదట, గేటు లోపలికి అసలెప్పుడూ అడుగుపెట్టని వేలాది ఇళ్ల కోసమూ చేయాల్సిన పని అవుతుంది. కేంద్రం వైపు వేలెత్తి చూపే ముందు రెండు తెలుగు రాష్ట్రాలు జిల్లా కార్యాలయాల నుంచే దీన్ని మొదలుపెట్టొచ్చు. అధికారం వాటి చేతిలోనే ఉంది, 40 శాతం ఖర్చూ అవే భరిస్తున్నాయి.